నీట్ మళ్లీ రాయాలా? ముందు ఓఎంఆర్ కాపీ ముందేసుకుని కూర్చోండి

ఎంబీబీఎస్ సీటు కోసం రాసే నీట్ ఫలితాలొచ్చి మార్కులు తక్కువైతే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. తెల్లారేసరికి ఫోన్లు మొదలవుతాయి. మేనమామ లాంగ్ టర్మ్‌లో, అంటే ఏడాది పాటు మళ్లీ కోచింగ్‌లో వేసేయమంటాడు. పక్కింటాయన నర్సింగ్ మంచిదంటాడు. ఏదో కన్సల్టెన్సీ నుంచి జార్జియా, కిర్గిజ్‌స్తాన్ ఫీజుల పట్టిక వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. వారం తిరక్కముందే ఎక్కడో ఒకచోట అడ్వాన్సు కట్టేస్తారు. పోయిన మార్కులు ఎక్కడ పోయాయో మాత్రం ఎవరూ చూడరు. ఏడాది తర్వాత అవే మార్కులు అక్కడే మళ్లీ పోవడానికి ముఖ్య కారణం ఇదే.

రాయాలో వద్దో తేల్చుకోవాలంటే ఒక ఆదివారం పూట కేటాయించాలి. మూడు కాగితాలు కావాలి: పరీక్ష హాలు నుంచి తెచ్చుకున్న ప్రశ్నపత్రం, పరీక్ష పెట్టే ఎన్‌టీఏ తన వెబ్‌సైట్‌లో ఉంచే ఓఎంఆర్ (మీరు బబుల్స్ దిద్దిన జవాబుల షీటు) స్కాన్ కాపీ, అదే బుక్‌లెట్ కోడ్‌కి చెందిన ఫైనల్ కీ, అంటే సరైన జవాబుల తుది జాబితా. ఓఎంఆర్ కాపీ ఎప్పటికీ వెబ్‌సైట్‌లో ఉండదు, పెట్టినప్పుడే దించుకుని దాచుకోవాలి. కీ మీద అభ్యంతరం ఉంటే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి చాలెంజ్ చేసుకునేది కూడా ప్రొవిజనల్ కీ వచ్చిన ఆ కొద్ది రోజుల్లోనే.

ఇప్పుడు 180 ప్రశ్నల్నీ ఒక్కొక్కటిగా చూస్తూ, తప్పు పోయినవాటి పక్కన, వదిలేసినవాటి పక్కన ఒక గుర్తు పెట్టాలి. అసలు తెలియకపోతే ‘తె’. చదివిందే కానీ హాల్లో గుర్తు రాకపోతే ‘మ’. ప్రశ్న సరిగ్గా చదవకో, లెక్కలో తొందరపడో పోతే ‘తొ’. టైం చాలక ముట్టుకోకపోతే ‘టై’. ఊహించి పెట్టినదైతే ‘ఊ’. ఒప్పయిన వాటిలోనూ ఊహించి పెట్టినవి ఉంటాయి, వాటికీ ‘ఊ’ పెట్టాలి. ఈ పని విద్యార్థే చేయాలి. పక్కన అమ్మానాన్నలు కూర్చోవచ్చు కానీ ‘ఇది కూడా రాలేదా’ అన్న మాట రాకూడదు. ఆ మాట వచ్చిన క్షణం నుంచి అన్నీ ‘తొ’లే అయిపోతాయి. నాకు తెలుసు, తొందరలో పోయిందని చెప్పడం పిల్లలకు తేలిక.

‘తె’కీ ‘తొ’కీ తేడా పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఉదాహరణకి ఒక తీగను రెట్టింపు పొడవుకు సాగదీస్తే నిరోధం ఎన్ని రెట్లవుతుందన్న ప్రశ్న తీసుకోండి. జవాబు నాలుగు రెట్లు. విద్యార్థి రెండు రెట్లు అని పెట్టాడు. పెన్ను పక్కన పెట్టించి, జవాబు నాలుగు రెట్లు ఎందుకయిందో నోటితో చెప్పమనండి. ‘సాగితే ఘనపరిమాణం మారదు కాబట్టి అడ్డుకోత వైశాల్యం సగమవుతుంది, పొడవు వల్ల రెండు రెట్లు, వైశాల్యం సగం కావడం వల్ల ఇంకో రెండు రెట్లు’ అని గడగడా చెప్పగలిగితే అది ‘తొ’. ఫార్ములా మాత్రం చెప్పి ఆగిపోతే అది ‘తె’. ఫార్ములా వచ్చి విషయం రాకపోవడం మన ఇంటర్ చదువుల్లో ఎక్కువగా కనిపించే జబ్బు. ఈ గుర్తుల పట్టికలో అది బయటపడకపోతే ఇంకెక్కడా పడదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒప్పుకి 4 మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. 380 మార్కులు వచ్చాయనుకోండి. బయాలజీలో 90కి 66 ఒప్పు, 20 తప్పు, 4 వదిలేశారు: 244. కెమిస్ట్రీలో 45కి 25 ఒప్పు, 12 తప్పు, 8 వదిలేశారు: 88. ఫిజిక్స్‌లో 45కి 15 ఒప్పు, 12 తప్పు, 18 వదిలేశారు: 48. వదిలేసిన ప్రశ్న ఒప్పయితే 4 మార్కులు పెరుగుతాయి. తప్పు పోయిన ప్రశ్న ఒప్పయితే 5 పెరుగుతాయి, ఎందుకంటే పోయిన ఒక మార్కు కూడా వెనక్కొస్తుంది. బయాలజీలోని 20 తప్పుల్లో 12 ‘మ’, ‘తొ’ గుర్తులవైతే, అవి బాగుపడితే 60 మార్కులు. కెమిస్ట్రీలో అలాంటివి 8 ఉంటే 40. ఫిజిక్స్‌లో 6 తప్పులు సరిచేసుకుని, వదిలేసిన వాటిలో ఇంకో 5 చేయగలిగితే 50. మొత్తం 530. ఇక్కడ అద్భుతమేమీ జరగక్కర్లేదు, 180లో 31 ప్రశ్నలు మారితే చాలు. ఇలాంటి పట్టిక వచ్చినవాళ్లు మళ్లీ రాయడంలో అర్థం ఉంది.

అదే 380లో బయాలజీ తప్పులన్నీ ‘తె’ అయి, ఫిజిక్స్‌లో వదిలేసిన 18కీ ‘తె’ గుర్తే పడితే కథ వేరు. అప్పుడు ఏడాదంటే రెండేళ్ల సిలబస్‌ను మొదట్నుంచీ చదవడమే. అది కుదరని పనేం కాదు. కాకపోతే రోజుకు పది గంటలు, పదకొండు నెలలు, పండగలకు ఇంటికెళ్లకుండా కూర్చునే మనసుందా అన్నది ముందు తేలాలి.

ఊహల గురించి ఒక మాట. నెగెటివ్ మార్కుంది కాబట్టి తెలియనిది ముట్టుకోవద్దని చాలామంది చెప్తారు. లెక్క అలా లేదు. ఊహించిన వాటిలో ఐదింటికి ఒకటి ఒప్పయితే లాభం లేదు, నష్టం లేదు. అంతకంటే ఎక్కువైతే లాభమే. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే సగటున ప్రశ్నకు ఒకటిన్నర మార్కు వస్తుంది. ‘ఊ’ గుర్తులన్నీ లెక్కపెట్టి ఎన్ని ఒప్పయ్యాయో చూడండి. నలభై ఊహల్లో పదకొండు ఒప్పయితే 15 మార్కులు కలిసొచ్చినట్టే. నలభైలో ఆరే ఒప్పయితే ఎగ్జామినర్ పెట్టిన వలలో ప్రతిసారీ పడుతున్నారన్న మాట. ‘సరికానిది ఏది’ అన్న ప్రశ్నల్లో, స్టేట్‌మెంట్ల ప్రశ్నల్లో ఇలా జరుగుతుంది, దానికి మందు ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం లైను లైనూ చదవడం.

మార్కుల్ని పక్కేడాది మార్కులతో పోల్చొద్దు. 2024 సవరించిన ఫలితాల్లో 720కి 720 వచ్చినవాళ్లు 17 మంది ఉన్నారు. 2025లో దేశం మొత్తమ్మీద టాప్ మార్కే 686. ఆ ఏడు ఫిజిక్స్ పేపరు అంత కష్టంగా వచ్చింది. ‘మా అన్నయ్యకి 560 వచ్చినా సీటు రాలేదు’ అన్న మాటకి ఏ సంవత్సరమో చెప్పకపోతే విలువ లేదు. చూడాల్సింది ర్యాంకు. క్వాలిఫై అవడాన్నీ సీటు రావడాన్నీ కూడా కలపొద్దు. 2025లో జనరల్ కటాఫ్ 144 మార్కులు, పన్నెండు లక్షల మందికి పైగా క్వాలిఫై అయ్యారు, దేశంలో ఉన్న ఎంబీబీఎస్ సీట్లు ఆ సంఖ్యలో పదోవంతు చుట్టుపక్కల.

ర్యాంకు ఎక్కడ నిలుస్తుందో తెలుసుకోవడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ప్రతి రౌండు తర్వాతా అలాట్‌మెంట్ జాబితాలు విడుదల చేస్తాయి. ఏ కాలేజీలో ఏ కేటగిరీకి ఏ ర్యాంకు దాకా సీటు వెళ్లిందో అందులో తెలుస్తుంది. మొదటి రౌండు జాబితా చూసి దిగులుపడకండి, చివరి రౌండుది చూడండి. మీ కేటగిరీ, మీ లోకల్ ఏరియా, అమ్మాయో అబ్బాయో, మూడూ సరిపోయిన వరస పట్టుకోవాలి. ఎస్సీ విద్యార్థులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: రెండు రాష్ట్రాల్లోనూ 2025లో ఎస్సీ కోటాను గ్రూపులుగా విడదీసే ఉపవర్గీకరణ వచ్చింది, అంతకు ముందరి జాబితాలతో లెక్క కుదరదు. చివరి ర్యాంకుకీ మీ ర్యాంకుకీ దూరం కాస్తే అయితే, మళ్లీ రాసే నిర్ణయానికి ముందు కౌన్సెలింగ్ చివరిదాకా నిలబడాలి. ఆ కాస్త దూరం మిగిలిన సీట్లు నింపే మాప్‌అప్, స్ట్రే రౌండ్లలో పూడిపోయే అవకాశముంది.

స్ట్రే రౌండు దగ్గర మాత్రం జాగ్రత్త. ఆలిండియా కోటాలో కేంద్రం తరఫున ఎంసీసీ (మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నిర్వహించే స్ట్రే రౌండులో సీటు వచ్చి చేరకపోతే డిపాజిట్ పోవడమే కాదు, మరుసటి ఏడు నీట్ రాయనివ్వరు. మళ్లీ రాద్దామని మనసులో పెట్టుకుని ఊరికే ఆప్షన్లు పెట్టి చూసేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. చేరని కాలేజీ పేరు ఆ రౌండులో పెట్టకూడదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లోనూ చేరి మానేస్తే పెనాల్టీ ఉంటుంది. అది ఎంతో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చదివి, అప్పుడు వెబ్ ఆప్షన్లకు కూర్చోండి.

డబ్బు లెక్క కూడా మాట్లాడుకోవాలి. లాంగ్ టర్మ్‌కి హాస్టల్‌తో కలిపి లక్ష దాటుతుంది, పేరున్న చోట రెండు లక్షలు దాటుతుంది. మధ్యతరగతి ఇంటికి అది చిన్న మొత్తం కాదు. అయితే మన రాష్ట్రాల ప్రైవేటు కాలేజీల్లో ఎ కేటగిరీకీ (కన్వీనర్ కోటా) బి కేటగిరీకీ (మేనేజ్‌మెంట్ కోటా) ఉన్న తేడా పక్కన పెట్టి చూడండి. తెలంగాణలో ఎ కేటగిరీ ఫీజు ఏడాదికి 60 వేలు, బి కేటగిరీ పది లక్షలు దాటుతుంది. ఈ రెండింట్లోనూ సీటు నీట్ ర్యాంకు మీదే వస్తుంది. బి సీటు అంచున ఉన్నవాళ్లకు ఇంకో ముప్పై నలభై మార్కులు పెరిగితే కోర్సు మొత్తమ్మీద అరకోటి తేడా పడొచ్చు. అప్పు చేసి బి సీటు కొనాలనుకునే ఇంట్లో, పట్టిక బాగున్నప్పుడు, ఒక్క ఏడాది ఆగడమే నా దృష్టిలో సరైన పని. ‘ఆడపిల్లకి ఇంకో ఏడాదా’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. అబ్బాయైతే ఆ ఏడాది గుర్తుకే రాదు. పట్టిక ఎవరిదైనా పట్టికే.

నిబంధనల వైపు నుంచి అడ్డేమీ లేదు. ఎన్నిసార్లు రాయొచ్చన్న దానికి పరిమితి లేదు. పై వయసు పరిమితిని 2022లో తీసేశారు. ఇంటర్ మార్కులకు వెయిటేజీ లేదు, కాకపోతే ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి జనరల్ వాళ్లకు 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం ఉండాలి. లోకల్ హోదా తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి వస్తుంది, లాంగ్ టర్మ్ పొరుగు రాష్ట్రంలో చదివినంత మాత్రాన మారదు. దేశంలోని కాలేజీలకు ఈ ఏడాది స్కోరు ఈ ఏడాదికే. విదేశాల్లో చదవడానికి మాత్రం మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి ‘ఇప్పుడు కట్టకపోతే సీటు పోతుంది’ అని తొందరపెట్టే ఏజెంటు మాట నమ్మక్కర్లేదు. విదేశీ ఎంబీబీఎస్ విషయంలో 54 నెలల చదువు, ఇంగ్లిష్ మీడియం, అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్, అక్కడ ప్రాక్టీసుకి అర్హత, ఇవన్నీ ఉన్నాయా అని కాగితం మీద చూడాలి. తిరిగొచ్చాక 300 మార్కుల స్క్రీనింగ్ పరీక్షలో 150 తెచ్చుకోవాలి. ఇక్కడ ఫిజిక్స్ భయంతో వెళ్లేవాళ్లు అక్కడ ఏం మారుతుందో కూడా ఆలోచించాలి.

ఫిజిక్స్ దగ్గర కొంచెం ఆగుతాను, ఎక్కువమంది లాంగ్ టర్మ్ పాడయ్యేది ఇక్కడే. బైపీసీ పిల్లలు పదో తరగతితో లెక్కలకు దణ్ణం పెట్టేస్తారు. ఫిజిక్స్ రాలేదనుకుంటారు కానీ చాలాసార్లు రానిది లెక్క. కాలిక్యులేటర్ ఉండదు. ఫోటాన్ శక్తి కనుక్కోవాలంటే 6.6×10⁻³⁴ ను 3×10⁸ తో గుణించి 4.4×10⁻⁷ తో భాగించాలి. అలవాటున్నవాళ్లు ముందు 19.8 ని 4.4 తో భాగించి 4.5 అని, తర్వాత ఘాతాలు కూడి, తీసేసి పది టు ది పవర్ మైనస్ 19 అని ఇరవై సెకన్లలో తేలుస్తారు. లేనివాళ్లు రెండు నిమిషాలు తీసుకుని చివరికి ఘాతంలో తప్పుతారు. పేపర్లో ప్రశ్నకు సగటున దొరికేది ఒక్క నిమిషం. మళ్లీ రాయాలనుకుంటే మొదటి రెండు వారాలు ఫిజిక్స్ పుస్తకం తెరవకుండా ఇవి చేయండి: పదుల ఘాతాలు, భిన్నాలు, సైన్ కాస్ విలువలు, వెక్టర్ కాంపొనెంట్లు, గ్రాఫ్ వాలూ దాని కింద వైశాల్యమూ, లాగ్, చిన్న చిన్న డిఫరెన్షియేషన్. రోజుకు గంటన్నర చాలు. కోచింగ్‌లో వీటికి ఒకట్రెండు క్లాసులు చెప్పి దాటేస్తారు, అందుకే ఇంట్లోనే ముగించుకుని వెళ్లాలి.

ఆ రెండు వారాలే ఇంకో పరీక్షకీ పనికొస్తాయి. మూడు చాప్టర్లు తీసుకోండి, సబ్జెక్టుకి ఒకటి, ‘తె’ గుర్తులు ఎక్కువ పడినవి. ఫోను అమ్మ దగ్గర పెట్టి పన్నెండు రోజులు ఇంట్లో చదివి, పదమూడో రోజు వాటి మీద పాత నీట్ ప్రశ్నలు 60 ఎంచుకుని గంటలో రాయాలి. ఫలితం కంటే ముఖ్యమైంది పన్నెండు రోజుల్లో ఎన్ని రోజులు నిజంగా కూర్చున్నారన్నది. నాలుగు రోజులకే పుస్తకం మూతపడితే హాస్టల్‌లో వేసినంత మాత్రాన పదకొండు నెలలు తెరిచి ఉంటుందని అనుకోలేం. ఇష్టంగా కూర్చుని మార్కులు తక్కువొచ్చినా పర్వాలేదు, అది బాగుపడే కేసు.

కాలేజీలో గ్రాండ్ టెస్టుల మార్కులు కూడా బయటికి తీయండి. చివరి పది టెస్టుల సగటు 480 ఉండి అసలు పరీక్షలో 380 వస్తే లోపం చదువులో లేదు, పరీక్ష రాసే తీరులో ఉంది. ఫిజిక్స్‌తో మొదలుపెట్టి ఇరుక్కుపోవడం, ఓఎంఆర్ బబుల్స్ అన్నీ ఆఖర్న దిద్దడం, మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటిదాకా బుర్ర పనిచేసేలా శరీరాన్ని అలవాటు చేయకపోవడం, ఇవీ మామూలుగా కనిపించే కారణాలు. ఇలాంటివాళ్లకు ఏడాదంతా పాఠాలు మళ్లీ వినడం కంటే ఇంట్లో చదువుకుంటూ, టెస్ట్ సిరీస్ తీసుకుని, వారానికో పూర్తి పేపరు సరిగ్గా ఆ మూడు గంటల్లోనే, కాగితం ఓఎంఆర్ మీద రాయడం మేలు. బయాలజీ 45 నుంచి 50 నిమిషాలు, కెమిస్ట్రీ 50, ఫిజిక్స్ 60, మిగిలింది వదిలేసిన వాటికి. పేజీ పేజీకీ బబుల్స్ దిద్దుకుంటూ పోవాలి.

కోచింగ్‌కే వెళ్లాలనుకుంటే విజయవాడైనా హైదరాబాదైనా క్యాంపస్‌కి సాయంత్రం ఎనిమిదింటికి వెళ్లి స్టడీ అవర్ చూడండి. హోర్డింగు మీద ర్యాంకుల వల్ల తెలియనిది ఆ అరగంటలో తెలుస్తుంది. డౌట్ అడిగితే చెప్పడానికి లెక్చరర్ ఉన్నాడా, లేక కర్ర పట్టుకున్న వార్డెనే ఉన్నాడా? వీకెండ్ టెస్టు పేపరు మర్నాడే చర్చిస్తారా, మార్కుల లిస్టు అంటించి వదిలేస్తారా? లాంగ్ టర్మ్‌కి ఫిజిక్స్ చెప్పే సారు ఏడాదంతా ఉంటారా? మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో రాసిమ్మనండి. పాత మెటీరియల్ తెచ్చుకునేవాళ్లు సిలబస్ సరిచూసుకోవాలి. 2024 నుంచి సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్లు, మొక్కల్లో రవాణా, జీర్ణక్రియ, పర్యావరణ సమస్యల వంటివి సిలబస్‌లో లేవు. అక్క చదివిన పుస్తకాల్లో అవన్నీ ఉంటాయి, వాటి మీద నెల రోజులు పోసేవాళ్లున్నారు.

ఇక వద్దని చెప్పాల్సిన సందర్భాలు. రెండు సార్లు లాంగ్ టర్మ్ చేసి, ర్యాంకు పెద్దగా కదలకుండా, పట్టికలో అవే చాప్టర్లకు అవే గుర్తులు పడుతుంటే మూడోసారి అదే పద్ధతిలో వెళ్లడానికి నేను ఒప్పుకోను. డాక్టర్ కావాలన్నది నాన్న కోరికే అయి, పిల్లవాడికి ఆ ఊసే ఇష్టం లేకపోతే అప్పుడూ వద్దు. ఈ మాట పిల్లల్ని బంధువుల ముందు అడిగితే నిజం రాదు. అమ్మో నాన్నో ఒక్కరే, బయట నడుస్తూనో బండి మీద వెళ్తూనో అడగాలి, అడిగి ఊరుకోవాలి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, ‘నేనుండి ఏం లాభం’ వంటి మాటలు వినిపిస్తే నీట్ సంగతి పక్కన పెట్టి ముందు 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ లైను అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

వద్దనుకున్నవాళ్లకు అదే నీట్ స్కోరుతో బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో ఉన్నాయి. రాష్ట్ర ఎంట్రన్స్ ఎప్‌సెట్ ద్వారా అగ్రికల్చర్ బీఎస్సీ, ఫార్మ్‌డీ ఉన్నాయి. వీటిలో చేరి పక్కన నీట్ రాద్దామనుకునేవాళ్లు చాలామంది. ల్యాబ్‌లు, హాజరు, రికార్డుల మధ్య రోజుకు మూడు గంటలు మిగలడం కష్టం, కాబట్టి ఆ పని పట్టికలో 15, 20 ప్రశ్నల లోటే ఉన్నవాళ్లకు సరిపోతుంది. అలా చేరే ముందు ఒరిజినల్స్ సంగతి అడగండి. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఇంటర్ మెమో ఒకసారి ఇచ్చాక, మరుసటి ఏడు మెడికల్ కౌన్సెలింగ్ కోసం తిరిగి అడిగితే మిగతా ఏళ్ల ఫీజంతా కట్టమనే చోట్లున్నాయి. చేరిన రోజే ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు రాయించుకుని, అన్నీ స్కాన్ చేసి, అటెస్టెడ్ జిరాక్సులు మూడేసి సెట్లు ఇంట్లో పెట్టుకోండి. కులం, ఆదాయం, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు మీసేవలోనో సచివాలయంలోనో వచ్చే కౌన్సెలింగ్ తేదీకి చెల్లేలా మళ్లీ తీసుకోవాల్సి ఉంటుంది, ఆ పని ఫలితాల దాకా ఆపకుండా మేలోనే మొదలుపెట్టండి.